లైను ముందు డ్యాష్

నాకు కోపం ఎక్కువ. కొత్తగా చేరినవాళ్ళకి మంచినీళ్ళు ఎక్కడుంటాయో చూపించినట్టే, ఈ సంగతి కూడా మొదటి రోజే చెప్పేస్తారు మా ఆఫీసులో. కానీ ఆ రోజు పొద్దున నాకొచ్చిన కోపంలో న్యాయం ఉంది. బిల్డ్ మెషీన్ ముందు కూర్చుని మూడు నిమిషాలు కాలేదు, వేస్తున్న ప్యాచ్ సగంలో ఆగిపోయింది. తెర మీద ఒకటే ముక్క: పర్మిషన్ డినైడ్.

"మళ్ళీ ఎవరండీ రూట్‌తో బిల్డ్ చేసింది?" అని గదంతా వినిపించేలా అడిగాను.

ఒక్కసారిగా అందరికీ పని గుర్తొచ్చింది. కీబోర్డుల చప్పుడు పెరిగింది.

"నేనేలే అమ్మాయ్. నిన్న కాస్త తొందరలో ఉన్నాను," అని కిటికీ పక్క బల్ల దగ్గర్నించి మా సీనియర్ గొంతు వినిపించింది.

"మీరు తొందరపడండి, నేను ఊడుస్తూ కూర్చుంటాను. బావుంది సార్ వరస."

"ఓ డ్యాష్ కొట్టి ముందుకెళ్ళమ్మా. దానికింత రాద్ధాంతమా?"

అందుకే ఆయన్ని మేమందరం డ్యాషుగారు అంటాం. మొదట్లో చాటుగా అనేవాళ్ళం, ఇప్పుడు ఎదురుగానే అంటున్నాం. ఆయనకీ సరదాగానే ఉంటుంది.

మా కంపెనీ అమ్మోనియా లీకైతే పసిగట్టే పెట్టెలు తయారుచేస్తుంది. ఐస్ ఫ్యాక్టరీల్లో, కోల్డ్ స్టోరేజీల్లో గోడకి తగిలిస్తారు వాటిని. గాలిలో గ్యాస్ పెరిగితే ఎర్ర లైటు వెలగాలి, హారన్ మోగాలి, లోపలున్నవాళ్ళు బయటికి పరుగెత్తాలి. ఆ పెట్టెలో నడిచే సాఫ్ట్‌వేర్‌ని ప్యాకేజీగా కట్టి పంపేదాన్ని నేను. అసలు ప్రోగ్రాం వేరేవాళ్ళు రాసింది. మాకు కావలసిన మార్పుల్ని దాని మీద ప్యాచ్‌లుగా వేస్తాం. ప్యాచ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఫలానా ఫైల్లో ఫలానా లైను తీసెయ్, దాని చోట ఇది పెట్టు, ఈ కొత్త ఫైలు చేర్చు అని రాసిన చీటీ. చీటీలన్నీ వరసగా వేసి, మూట కట్టి పంపించడం నా ఉద్యోగం. ఆ కట్టడాన్నే బిల్డ్ అంటాం.

రూట్ అంటే మెషీన్ మొత్తానికి యజమాని ఖాతా. దానితో ఎవరైనా బిల్డ్ చేస్తే, పుట్టిన ఫైళ్ళన్నీ యజమాని పేరు మీదే పడతాయి. మర్నాడు నాలాంటి మామూలు ఖాతావాళ్ళు వాటిని మార్చబోతే మెషీన్ చెయ్యి పెట్టనివ్వదు. మా దగ్గర ఈ గొడవ వారానికి నాలుగుసార్లు. ప్రతిసారీ కారణం వెతుక్కుంటూ కూర్చుంటే పనెప్పుడు తెమలాలి? బిల్డ్ స్క్రిప్టులో, అంటే మెషీన్ వరసగా చేసుకుపోయే ఆజ్ఞల జాబితాలో, ఏ లైను ముందైనా చిన్న డ్యాష్ పెడితే, ఆ లైను తప్పినా బిల్డ్ ఆగదు. తప్పింది, పట్టించుకోలేదు అని ఓ ముక్క రాసి ముందుకు పోతుంది. చేరిన ప్రతివాళ్ళకీ డ్యాషుగారు నేర్పే మొదటి విద్య అదే. నాకూ నేర్పారు. నేను చాలా బాగా నేర్చుకున్నాను.

కానీ ఆ రోజు మాత్రం డ్యాష్ కొట్టదలచుకోలేదు. ఆ రోజు కడుతున్న ప్యాకేజీ మా తమ్ముడి మూలంగా కడుతున్నది.

తమ్ముడు ఐస్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఆపరేటర్. రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం వాడి షిఫ్టులో కంప్రెసర్ గదిలో పైపు జాయింటు ఊడి అమ్మోనియా లీకైంది. లోపల ఒక పెద్దాయన ఉన్నాడు, ముప్పై ఏళ్ళుగా ఆ కంప్రెసర్లు చూసుకుంటున్న మనిషి. మూలన వంగి బేరింగుకి గ్రీజు పెడుతున్నాడు. లీకు మొదట చిన్నదే. అప్పుడే హారన్ మోగి ఉంటే అర నిమిషంలో బయటపడేవాడు. మోగలేదు. ఘాటు ముక్కుకి తగిలి తలెత్తేసరికి తలుపుకీ ఆయనకీ మధ్య తెల్లటి పొగ నిండిపోయింది. ప్రాణం దక్కింది. ఒక కన్ను పోయింది, గొంతు బొంగురుపోయింది.

హారన్ ఆపే బటన్ ఒకటి కంట్రోల్ రూములో ఉంటుంది. ఆ సమయానికి కంట్రోల్ రూములో ఉన్నది మా తమ్ముడొక్కడే.

"మోగలేదక్కా. ఒట్టు. ఎర్ర లైటు చూసి నేనే పరిగెత్తాను," అన్నాడు వాడు ఆ రోజు ఇంటికొచ్చి. బట్టలనిండా ఆ వాసనే.

మర్నాడు మా కంపెనీ సర్వీసు మనిషి వెళ్ళి పెట్టె మీద టెస్ట్ బటన్ నొక్కాడు. చెవులు చిల్లులు పడేలా మోగింది. పెట్టె బాగుంది అని రాసిచ్చి వచ్చాడు. పెట్టె బాగుంటే తప్పు మనిషిదన్నమాట. అక్కడున్న మనిషి ఒక్కడే.

వాణ్ణి నమ్మనివాళ్ళలో మొదటిదాన్ని నేను.

"మా పెట్టె మోగకపోవడమేంట్రా? నా చేతుల్తో కట్టిన ప్యాకేజీ అది. కంగారులో నొక్కేసి ఉంటావు, గుర్తులేదు నీకు," అన్నాను. ఒకసారి కాదు. అన్నం పెడుతూ అన్నాను, వాడి చొక్కాలు మడతపెడుతూ అన్నాను. వాడు చిన్నప్పట్నించీ నోట్లో నాలుక లేని మనిషి. నేను గట్టిగా నాలుగుసార్లు చెబితే సూర్యుడు పడమరే పొడుస్తాడేమో అనుకునే రకం. మొదటి వారం కాదన్నాడు. రెండో వారం ఏమో అన్నాడు. మూడో వారం తల దించుకుని, "నొక్కాననుకుంటా అక్కా," అన్నాడు. హమ్మయ్య, దారిలో పడ్డాడు అనుకున్నాను. తప్పు ఒప్పుకుంటే హెచ్చరించి వదిలేస్తారు, బుకాయిస్తే ఉద్యోగం ఊడబెరికి పైన కేసు కూడా పెడతారు అని నా అంచనా. ఒప్పుకోలు ఉత్తరం నేనే రాసి వాడి జేబులో పెట్టాను. ఈ ప్యాకేజీ కడుతున్న రోజే మధ్యాహ్నం మూడింటికి విచారణ.

ఇంక నేను కడుతున్న ప్యాచ్ ఏమిటంటే, హారన్ ఆపే బటన్ ఎవరు ఎప్పుడు నొక్కినా పెట్టెలో రాసిపెట్టేది. విచారణవాళ్ళే అడిగారు. మళ్ళీ ఇలా ఎవరూ తప్పించుకోకూడదని. బిల్డ్ లాగ్, అంటే కట్టేటప్పుడు మెషీన్ రాసుకునే చిట్టా, కూడా జతచేసి పంపమన్నారు. తెలిసిందేగా నా సంగతి, ఆ లాగ్‌లో ఒక్క మరక ఉండకూడదని పట్టుపట్టాను.

అందుకని డ్యాషుగారు వదిలిన పాత డైరెక్టరీని ఆయన చేతే చెరిపించాను. "ఇంత పని పెట్టావేంటమ్మా," అని గొణుక్కుంటూ చెరిపారు. నా ఖాతాలో మొదట్నుంచి మొదలుపెట్టాను. అసలు ప్రోగ్రాం విప్పాను. ప్యాచ్‌లు ఒక్కొక్కటే వేశాను. అన్నీ నున్నగా పడ్డాయి. బిల్డ్ పూర్తయింది, ప్యాకేజీ తయారైంది. టీ తెచ్చుకుని లాగ్ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.

చివర్లో ఒక లైనుంది. పర్మిషన్ డినైడ్, దాని కింద ఎర్రర్ నూట ఇరవై ఆరు, ఇగ్నోర్డ్.

"సార్, మీ రూట్ చెత్త ఇంకా ఎక్కడో మిగిలింది," అన్నాను.

"ఏదీ?" అని ఆయన లేచి వచ్చి నా భుజం మీంచి చూశారు. "ఓ, అదా. అది ఎప్పట్నించో వస్తోందమ్మా. ప్రతి బిల్డ్‌లోనూ ఉంటుంది. చివరి చెకింగ్ లైనది. దానికి డ్యాష్ ఉందిలే."

"ఉంటే ఉంది. కానీ ఇప్పుడు డైరెక్టరీ మొత్తం నాదే కదా? రూట్ ఫైలు ఒక్కటి కూడా లేదు. మరి నన్ను ఎవరు ఆపుతున్నారు?"

నిజానికి అది ఆయనకీ తట్టలేదు, నాకూ అంతవరకూ తట్టలేదు. ఇన్నాళ్ళూ ఆ లైను కనిపిస్తే రూట్ గొడవే అనుకుని కళ్ళు దాని మీంచి జారిపోయేవి.

ఆ చెకింగ్ లైను చేసే పని ఒక్కటే. హారన్ స్క్రిప్టుని ఒకసారి నడిపి చూస్తుంది. హారన్ స్క్రిప్టు అంటే చిన్న ఫైలు, పాతిక లైన్లుంటాయేమో. గ్యాస్ హద్దు దాటగానే ప్రోగ్రాం ఎర్ర లైటు తనే వెలిగించి, హారన్ మోగించమని ఆ స్క్రిప్టుని పిలుస్తుంది. పది నెలల కిందట కొత్త రకం హారన్లు వచ్చినప్పుడు దాన్ని ప్యాచ్‌లో చేర్చాం. రాసింది నేనే.

ఫైలుకి మూడు రకాల పర్మిషన్లుంటాయి. చదవడానికి, రాయడానికి, నడపడానికి. హారన్ స్క్రిప్టుకి ఏమేం ఉన్నాయో చూశాను. చదవచ్చు. రాయచ్చు. నడపడానికి లేదు.

ఇక్కడ లేదేమోలే అనుకున్నాను. ఈ మెషీన్ మాయ ఏదో అయ్యుంటుంది. పది నెలల కిందట పంపిన ప్యాకేజీ, ఇప్పుడు బయట గోడల మీద ఉన్న పెట్టెలన్నిట్లో నడుస్తున్నది, తీసి విప్పాను. జాబితాలో వేలితో వెతికాను. హారన్ స్క్రిప్టు. చదవచ్చు. రాయచ్చు.

మూడోది లేదు.

టీ కప్పు కింద పెట్టానో పడేశానో గుర్తులేదు, బల్లంతా తడిసింది. డ్యాషుగారు, "ఏమైందమ్మాయ్? ఏమైంది?" అంటున్నారు.

ఏం జరిగిందో నాకు తెలుసు. ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. ఆ స్క్రిప్టు నా బల్ల మీది మెషీన్లో రాశాను. నడపడానికి పర్మిషన్ నా చేత్తో నేనే ఇచ్చుకున్నాను. అక్కడ లక్షణంగా మోగింది. అందరికీ చూపించి మురిసిపోయాను. తర్వాత దాన్ని ప్యాచ్‌గా మార్చాను. మేం ప్యాచ్‌లు తీసే పద్ధతిలో చీటీ మీద అక్షరాలే వెళ్తాయి, పర్మిషన్లు వెళ్ళవు. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఎవరైనా అడిగితే గంటసేపు పాఠం చెప్పేదాన్ని. బిల్డ్ మెషీన్లో ప్యాచ్ పడి, ఫైలు కొత్తగా పుట్టి, నడపడానికి పర్మిషన్ లేకుండానే మూటలోకి ఎక్కేసింది. చివరి చెకింగ్ లైను దాన్ని పట్టుకుంది కూడా. పర్మిషన్ డినైడ్ అని అరిచి బిల్డ్ ఆపేసింది. నేనేం చేశాను? మళ్ళీ ఎవరో రూట్‌తో బిల్డ్ చేశారని నలుగుర్నీ తిట్టి, ఆ లైను ముందు డ్యాష్ కొట్టి ముందుకెళ్ళాను.

"ఆ డ్యాష్ ఎవరు పెట్టారో చూడండి సార్," అన్నాను చివరికి. నాకు తెలిసి కూడా అడిగాను.

ఆయన మార్పుల చరిత్ర తెరిచి చూశారు. తేదీ ఉంది, నా ఖాతా ఉంది. ఎందుకు మార్చావు అనేచోట నేను రాసుకున్న మాట కూడా ఉంది: మామూలు పర్మిషన్ గోల.

"ఆగు, ఆగు. కంగారు పడకు. పెట్టెలో ఇంకో దారి ఉండి ఉంటుంది," అని ఆయన అల్మారాలోంచి నమూనా పెట్టె, చిన్న గ్యాస్ డబ్బా తీశారు. పది నెలల నాటి ప్యాకేజీ ఎక్కించాం. సెన్సర్ దగ్గర డబ్బా మూతి పెట్టి నొక్కాను. అంకె పెరిగింది. ఇరవై, యాభై, వంద. ఎర్ర లైటు వెలిగింది. రెండు వందలు. మూడు వందలు. గదిలో పది మంది కుర్చీలు తిప్పుకుని చూస్తున్నారు. ఒక్కళ్ళు కూడా మాట్లాడలేదు. పెట్టె కూడా.

డ్యాషుగారు టెస్ట్ బటన్ నొక్కారు. హారన్ గదిని పీకి పందిరేసింది. బటన్ వైరు నేరుగా హారన్‌కి వెళ్తుంది, ప్రోగ్రాంతో దానికి సంబంధం లేదు. నెలనెలా అందరూ ఆ బటనే నొక్కి, బాగుందని సంతకాలు పెట్టారు. మా సర్వీసు మనిషి నొక్కిందీ అదే.

"ఓరి నాయనో," అన్నారు ఆయన, కుర్చీలో కూలబడి.

ఇంకొకటి మిగిలింది. ప్రమాదం జరిగిన పెట్టెలోని లాగ్‌ని సర్వీసు మనిషి తెచ్చి ఆఫీసులో దాచాడు. రెండు నెలలుగా అక్కడే ఉంది. నేను తెరవలేదు. ఎందుకు తెరుస్తాను, తప్పు మనిషిదని నాకు ముందే తెలుసుగా! ఇప్పుడు తెరిచాను. రెండు గంటల పన్నెండు నిమిషాలకి గ్యాస్ హద్దు దాటింది. దాని కిందే, హారన్ స్క్రిప్టు, పర్మిషన్ డినైడ్. అయిదు సెకన్లకి మళ్ళీ. మళ్ళీ. పాపం ఆ ప్రోగ్రాం పదకొండుసార్లు ప్రయత్నించింది. పదకొండుసార్లూ నేను కాదన్నట్టే.

వాడు నిజం చెప్పాడు. ఇంటికొచ్చి, ఒంటిమీద ఆ వాసనతో నిలబడి, మోగలేదక్కా అని ఉన్నదున్నట్టు చెప్పాడు. నేనే వాడి నోరు నొక్కాను.

గడియారం చూశాను. రెండుంపావు.

ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారు. మళ్ళీ చేశాను, బుర్ర పనిచెయ్యక.

"ఆగమ్మా, ముందు పైవాళ్ళకి ఒక మాట చెబుదాం," అన్నారు డ్యాషుగారు. "లాయరుతో మాట్లాడి, అప్పుడు..."

"సార్! మూడింటికి మా తమ్ముడు చెయ్యని తప్పు ఒప్పుకుంటున్నాడు. ఒప్పుకోమని పీకల మీద కూర్చున్నది నేను. ఇంక నలభై ఒక్క చోట్ల గోడల మీద మూగ పెట్టెలు వేలాడుతున్నాయి, వాటి కింద ఇప్పుడు మనుషులు పనిచేస్తున్నారు. లాయరంటారేంటి సార్?"

ఆయన మొహంలో రక్తం లేదు. ఫోన్ దగ్గరికి లాక్కున్నారు.

"నువ్వు వెళ్ళు. నలభై ఒక్క చోట్లకీ నేను చేస్తాను. ముందు మనుషుల్ని బయటికి రమ్మంటాను, తర్వాత ఫైలు సంగతి. డ్యాష్ నేర్పింది నేనేనని కూడా చెప్పమ్మా అక్కడ."

"నేర్పింది మీరే. కొట్టింది నేను," అని పెట్టె, గ్యాస్ డబ్బా, లాప్‌టాప్ సంచీలో కుక్కుకుని పరుగెత్తాను.

దారిపొడవునా ఏం ఆలోచించానో చెప్పలేను. ఆటో కుదుపుకి పెట్టె మోకాలికి కొట్టుకుంటోంది, నేను గట్టిగా కావలించుకుని కూర్చున్నాను. వాణ్ణి ఎన్ని మాటలన్నాను! "మగాడివేనా, చేసిన పని ఒప్పుకోలేవా?" అన్నాను ఒక రోజు. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలా ఉండిపోయాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

గేటు దగ్గర నా ఫోన్ ఇచ్చి, చీటీ రాసి, లోపలికి వెళ్ళేసరికి మూడుంపది. మేడ మీద గదిలో పొడుగు బల్ల, దాని చివర విచారణ అధికారి, పెద్దావిడ. ఆవిడ పక్కన ఫ్యాక్టరీ మేనేజరు. గోడవారగా ఒక కంటికి నల్ల అద్దంతో కంప్రెసర్ పెద్దాయన. ఇటువైపు కుర్చీలో మా తమ్ముడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఉత్తరం ఆవిడ చేతిలో ఉంది. చదవడం అయిపోయినట్టుంది.

"ఎవరమ్మా మీరు? ఇలా లోపలికి రాకూడదు," అన్నాడు మేనేజరు.

"వాడు ఆపలేదండీ," అన్నాను. నేననుకున్నది వేరు. నమస్కారం పెట్టి, నేనెవరో చెప్పి, వరసగా చెబుదామనుకున్నాను. నోట్లోంచి అదే వచ్చేసింది. "అది మోగనే లేదు. మోగదు. పది నెలల్నించీ మోగదు. ఆ ప్యాకేజీ కట్టింది నేను."

తమ్ముడు నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వెందుకొచ్చావ్?"

పెట్టె బల్ల మీద పెట్టాను. కంగారులో ప్లగ్గు సాకెట్లో దూరకపోతే, ఆ విచారణ అధికారే లేచి వచ్చి పెట్టింది. సెన్సర్ దగ్గర గ్యాస్ డబ్బా నొక్కాను. అంకె మూడు వందలు దాటింది, ఎర్ర లైటు వెలిగింది, అంతే. కొండచిలువలా పడుంది పెట్టె.

మేనేజరు చెయ్యి చాచి టెస్ట్ బటన్ నొక్కాడు. మోగింది.

"మోగుతోందిగా!" అన్నాడు.

"అది బటన్ నొక్కితే. గ్యాస్ వస్తే మోగదు," అన్నాను. ప్రమాదం రోజు లాగ్ తెరిచి ఆవిడ ముందు పెట్టాను. పదకొండు లైన్లూ వేలు పెట్టి చూపించాను. తర్వాత లాప్‌టాప్ పెట్టెకి తగిలించి, హారన్ స్క్రిప్టుకి నడిచే పర్మిషన్ ఇచ్చాను. దానికి పట్టింది రెండు సెకన్లు. మళ్ళీ గ్యాస్ కొట్టాను.

ఈసారి బటన్ ఎవరూ నొక్కలేదు. హారన్ దానంతటదే మోగింది. కిటికీ అద్దాలు జివ్వున కంపించాయి. మేనేజరు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. అధికారి చెవులు మూసుకుంది.

కంప్రెసర్ పెద్దాయన మాత్రం చెవులు మూసుకోలేదు. మోత ఆగాక ఆ బొంగురు గొంతుతో, ఒక్కో మాటే కూడదీసుకుని అన్నాడు.

"ఇది నాకు వినపళ్ళేదమ్మా ఆ రోజు. ఆసుపత్రిలో కూడా చెప్పాను. గ్యాస్ పట్టింది, నీకేం తెలుస్తుందిలే తాతా అన్నారు. ఆ అబ్బాయి ఆపాడంటే నేనూ నమ్మాను. లోపలికొచ్చి నన్ను ఈడ్చుకొచ్చింది ఆ అబ్బాయే, అయినా నమ్మాను."

నాకా సంగతి తెలియదు. పెద్దాయన్ని బయటికి లాక్కొచ్చింది తనేనని వాడు నాకు చెప్పనే లేదు. చెప్పనిచ్చానా అసలు?

"క్షమించండి తాతా," అన్నాను. ఆ ఒక్క కన్ను నన్నే చూస్తోంది. ఇంకేమనాలో తెలియక అదే మాట మళ్ళీ అన్నాను. ఆయన ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం ఆయనకి లేదు.

అధికారి చాలాసేపు లాగ్ చూసింది. తర్వాత ఉత్తరం పక్కన పెట్టి మా తమ్ముడి వైపు తిరిగింది. గొంతు మెత్తగానే ఉంది.

"మరి నువ్వు ఆపానని ఎందుకు ఒప్పుకున్నావ్ బాబూ? భయపడి ఒప్పుకున్నావా? ఎవరైనా బలవంతం చేశారా?"

నేను చెప్పబోయాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"భయపడి కాదు మేడమ్," అన్నాడు తమ్ముడు. వాడి గొంతులో తడబాటు లేదు. "నిజంగానే ఆపాను. చాలా గట్టిగా మోగుతోంది, ఏం చెయ్యాలో తోచలేదు, లేచి బటన్ నొక్కాను. నాకు గుర్తుంది."

"ఒరేయ్," అన్నాను. "ఏం మాట్లాడుతున్నావ్రా? చూశావు కదా ఇప్పుడు. అది మోగలేదు. నువ్వు మొదటి రోజే చెప్పావు, మోగలేదక్కా అని. నిజం చెప్పావు. నేనే నమ్మలేదు."

"అలా చెప్పానా?"

"చెప్పావురా! ఒట్టేసి చెప్పావు."

వాడు కనుబొమలు ముడిచి, బల్ల మీది లాగ్ వంక చూశాడు. పదకొండు లైన్లనీ పెదాలు కదుపుతూ ఒక్కొక్కటే చదివాడు. చదవడం అయ్యాక నా మొహంలోకి చూశాడు. వాడి కళ్ళలో కోపం ఉంటే బతికిపోయేదాన్ని. లేదు.

"మరి రెండు నెలల్నించీ నాకు రోజూ వినపడుతోందేంటక్కా, ఆ మోత?"

వాడు నన్ను నిజంగానే అడుగుతున్నాడు. చిన్నప్పట్నించీ ఏది తెలియకపోయినా నన్నే అడగడం వాడికి అలవాటు.